గిన్నె దాటిన మంట

అతిథులు ముంగిట నిలిచినపుడు వంటింటిలో మొదట జరుగు పని యొకటి కలదు. గ్యాసు పొయ్యి మీటను పూర్తిగా త్రిప్పుదురు. మంట గిన్నె అడుగును దాటి, ప్రక్కలను నాకుచు పైకి లేచును. వంట వేగిరపడినదని అందరును సంతోషింతురు. ఈ సంతోషము చాలవరకు భ్రమయే యని నా అభిప్రాయము.

మంటలోని వేడి గిన్నెలోనికి ఎట్లు పోవుచున్నదో చూడుడు. బర్నరు రంధ్రములనుండి వెలువడు జ్వాలలు గిన్నె అడుగును ఢీకొని నలుదెసలకు పరచుకొనును. ఢీకొన్న చోటనే లోహమునకు వేడి మిక్కిలిగా అందును. అంచువైపు సాగినకొలది వాయువులు చల్లబడును. లోహము నంటియుండు పలుచని వాయుపొర దళసరి యగును. వాయువు వేడిని సులభముగా పోనీయదు గనుక ఆ పొర కంబళివలె అడ్డుపడును. అంచు దాటిన జ్వాల గిన్నె ప్రక్కలను ఒరసికొనిపోవునే గాని ఢీకొనదు. మీట త్రిప్పినందున నీరు కొంత త్వరగా కాగుట నిజమే. కాని గ్యాసు వ్యయము అంతకంటె ఎక్కువగా పెరుగును. దాటిపోయిన వేడిలో పెద్దభాగము వండువారి ముఖమునకును, వంటింటి గాలికిని దక్కును.

రాగి అడుగు గిన్నెలను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. జ్వాలలోని వేడి వేయి డిగ్రీలకు మించియుండును. నీరు మరగుచున్న గిన్నె అడుగు మాత్రము నూరు డిగ్రీలకంటె కొంచెమే ఎక్కువ వేడిగా నుండును. కావున వేడికి అసలైన అడ్డు లోహము కాదు, దానిక్రింది వాయుపొరయే. రాగి వేడిని సమముగా పరచి కూర మాడకుండ కాపాడును; అది మంచిదే. ఎసరు ఎంతో ముందుగా మరగునని నమ్మి హెచ్చు వెల యిచ్చుట నాకు సమ్మతము కాదు.

ఎసరు మరగిన పిమ్మట జరుగు దుబారా ఇంకను పెద్దది. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిని మరగించుటకు 70 కిలోకేలరీలు కావలెను. మన దేశపు ప్రమాణము ననుసరించి గ్యాసు పొయ్యి తన వేడిలో నూటికి 68 పాళ్లయినను గిన్నెకు చేర్చవలెను. అట్టి పొయ్యిపై ఈ పనికి సుమారు పది గ్రాముల గ్యాసు చాలును. ఆ నీటినే ఆవిరిగా మార్చుటకు 540 కిలోకేలరీలు, అనగా దాదాపు ఎనిమిది రెట్లు, కావలెను. మూతలేని గిన్నెలో నీరు మెల్లగా ఉడికినను, తెర్లి పొంగినను వేడి నూరు డిగ్రీలే. కందిపప్పునకు ఆ భేదము తెలియదు, 14.2 కిలోల సిలిండరునకు తెలియును. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకము నారంభించిన పిదప కట్టెపొయ్యి విడిచిన పేద కుటుంబము లనేకము. మరల సిలిండరు కొనుటకు వెనుకాడు ఇండ్లలో ఇది చిన్న లెక్క కాదు.

అట్లని గిన్నెను మంటకు మరీ దగ్గర చేయుటయు తగదు. జ్వాల నడిమి నీలిమొన చల్లని లోహమును తాకినచో గ్యాసు పూర్తిగా మండదు. వాసనలేని విషవాయువు పుట్టును. మా యింట గిన్నెను మోయు కమ్ములు వంగిపోగా చాలకాలము ఎవరును గమనింపలేదు. గిన్నెకు మసి పట్టుచున్నదని తోమినవారిని నిందించుచుంటిమి. కమ్ములు మార్చి, బర్నరు రంధ్రములు శుభ్రము చేసిన నాటినుండి మంట నీలముగా, గిన్నె అడుగులోపలనే మండుచున్నది.