పనిముట్టు లాక్కున్నది మనమే

ఇంజినీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో 18 ఏళ్ల పిల్లలు చాలామంది మొట్టమొదటిసారి ఆకురాయి పట్టుకుంటారు. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలని, వెనక్కి తీసేటప్పుడు వదిలెయ్యాలని అప్పటిదాకా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వీళ్లకేమీ చేతకాదని స్టాఫ్ రూముల్లో విసుక్కునే హక్కు ఇంజినీరింగ్ పంతుళ్లమైన మాకు లేదు. వీళ్లు ఏడో తరగతిలో ఉన్నప్పుడు మేమంతా ఎక్కడున్నాం?

పాడైన రేడియో విప్పిచూసే వయసు అది. బొమ్మకారులోంచి మోటారు పీకి, దానికి అట్టముక్కల రెక్కలు తగిలించే వయసు. సరిగ్గా అప్పుడే పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో కూర్చోబెట్టాం. ఇంజినీరింగ్ అంటే ఒక ర్యాంకు అని నేర్పాం.

ఏం నేర్పాలో తెలియక ఇలా జరగలేదు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి పిల్లలకు నిర్మాణాలు నేర్పి దశాబ్దాలు గడిచాయి. నాలుగు పుల్లల చదరాన్ని వేలితో తోస్తే పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. అది చూసిన పిల్లల చేత పాత పేపర్లు చుట్టలు చుట్టించి, రెండు కుర్చీల మధ్య వంతెన కట్టించి, బకెట్ వేలాడదీసి, విరిగేదాకా ఇసుక పోయించాలి. ఎక్కడ విరిగిందో వాళ్ల చేతే గీయించాలి. అప్పుడు రెండో వంతెన కట్టమనాలి. ఆ రెండో వంతెనలోనే ఇంజినీరింగ్ మొదలవుతుంది. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రైలు రోడ్డు వంతెన 1974లో వచ్చింది. ఇన్నేళ్లుగా దాని మీద తిరుగుతూ కూడా, ఆ ఉక్కు కమ్మీలు ఏటవాలుగా ఎందుకున్నాయని పక్కనున్న పిల్లల్ని మనం అడగలేదు.

డబ్బు లేదన్న సాకూ పూర్తిగా నిలవదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఉంది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు వాడాలన్నది ఉద్దేశం. కానీ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు పాడైతే జవాబు చెప్పుకోవాల్సింది మాస్టారే. అందుకే భయపడి తాళం వేశాం, తనిఖీ రోజున తీశాం. ఆ భయాన్ని పోగొట్టడానికి ఇంజినీర్లమైన మనం ఎంతమందిమి ఒక శనివారం మన ఊరి బడికి వెళ్లాం?

ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది. పనిముట్టు పట్టడం చదువు అబ్బనివాళ్ల పని అని మనం లోలోపల నమ్మాం. ఇందులో కులం ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం కూడా మన తప్పే. వడ్రంగి ఇంటి పిల్ల కొలత, మట్టం, అతుకు తండ్రి దగ్గర నేర్చుకుని బడికొస్తే, ఆ విద్యకు మనం ఒక్క మార్కూ వెయ్యలేదు. పైగా చదవకపోతే మెకానిక్ షెడ్డుకు పోతావని క్లాసులోనే బెదిరించాం. చేతిపని చుట్టూ చదువును అల్లాలని గాంధీ 1937లో వార్ధాలో ప్రతిపాదించారు. మనం దాన్ని వారానికో క్రాఫ్ట్ పీరియడ్‌గా కుదించి, పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్‌నూ లెక్కల మాస్టారికి ఇచ్చేశాం.

వైజ్ఞానిక ప్రదర్శనలకు జడ్జీలుగా వెళ్లే తోటి ఇంజినీర్లకు, పంతుళ్లకు నా విన్నపం ఇది. మోడల్ ఎంత మెరుస్తోందో చూడకండి. మొదటిసారి చేసినప్పుడు ఏం విరిగింది, ఏం మార్చావని అడగండి. దానికి జవాబు చెప్పగలిగిన పిల్లకే బహుమతి ఇవ్వండి. తల్లిదండ్రులారా, మోడల్ కొనకండి, మీరు చేసిపెట్టకండి. వంకరగా వచ్చినా వాళ్లనే చెయ్యనివ్వండి.