కలరా విషం చూపిన మెదడు దారి

మెదడు కణానికి బయటి నుంచి వచ్చే రసాయన సంకేతం చాలావరకు గడప దగ్గరే ఆగిపోతుంది. ఆ వార్తను లోపలికి మోసే ఎంజైముల్లో ముఖ్యమైనది అడినైలేట్ సైక్లేజ్. ఇది ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే దూతను తయారుచేస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఈ ఎంజైము గుట్టు విప్పడానికి తోడ్పడిన ఒక సాధనం కోల్‌కతాలో బయటపడింది. అక్కడి మెడికల్ కాలేజీ పాథాలజిస్టు శంభునాథ్ డే వెతికింది మెదడు రహస్యం కాదు, కలరా కారణం. క్రిములను పూర్తిగా వడకట్టిన ద్రవాన్ని ఆయన కుందేలు పేగులోకి ఎక్కించారు. క్రిమి ఒక్కటీ లేకున్నా పేగు నీటితో ఉబ్బింది. అంటే జబ్బు తెచ్చేది క్రిమి వదిలే విషమే. ఈ ఫలితం 1959లో 'నేచర్'లో వచ్చింది.

ఆ విషం ఒక జీ-ప్రొటీన్‌ను పనిచేసే స్థితిలోనే బిగించేస్తుందని, దాంతో సైక్లేజ్ ఆగకుండా నడుస్తుందని తర్వాత తేలింది. పేగులో దాని ఫలితం నీళ్ల విరేచనాలు. ప్రయోగశాలలో మాత్రం ఇది సంకేత వ్యవస్థను విడదీసి చూసే పనిముట్టయింది. జీ-ప్రొటీన్లను కనుగొన్న గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ దక్కింది.

ఇక ఎంజైము ఎక్కడుందో చూడటం. 1980లలో అమెరికా శాస్త్రవేత్తలు ఫోర్‌స్కోలిన్‌కు రేడియోధార్మిక ట్రిటియం తగిలించి, అది మెదడు ముక్కల్లో ఎక్కడ అంటుకుంటుందో ఫిల్ముపై నమోదు చేశారు. భారత్‌లో పెరిగే కోలియస్ మొక్క వేరులోని పదార్థమే ఫోర్‌స్కోలిన్. కదలికలను నియంత్రించే స్ట్రయేటమ్‌లో గుర్తులు దట్టంగా కనిపించాయి. క్షీరదాల్లో ఈ ఎంజైముకు పది రకాలున్నాయి. అయిదో రకం జన్యువు చెడితే అదుపులేని కదలికల జబ్బు వస్తుంది. ఏ రకం ఎక్కడుందో తెలిస్తేనే మందు గురి తప్పదు.

డే 1985లో కన్నుమూశారు. 1978లో నోబెల్ సింపోజియం ఆయన్ను ఆహ్వానించింది; స్వదేశంలో మాత్రం బతికుండగా పెద్ద పురస్కారమేదీ రాలేదు. నేటికీ పరిశోధన, అభివృద్ధిపై మన ఖర్చు జీడీపీలో ఒక శాతం లోపే, 0.64 శాతం దగ్గరే ఉంది. చైనా రెండు శాతం దాటింది, దక్షిణ కొరియా నాలుగు దాటింది.

తక్షణ ప్రయోజనం చూపితేనే నిధులిస్తామనే విధానానికి డే కథే జవాబు. పేగు మీద చేసిన ప్రయోగం మెదడుకు పనికొస్తుందని 1959లో ఏ కమిటీ ఊహించగలిగేది?