పట్టాల ప్రక్క గడ్డిలో పొంచియున్న జ్వరం

ఢిల్లీ పరిసరాలలో గడ్డి నడుమెత్తు పెరిగే ఆగస్టు మొదలు చలి ముదిరే నవంబరు వరకు ఆసుపత్రులు జ్వరపీడితులతో నిండిపోవుట ఏటేటా చూస్తున్నదే. డెంగ్యూ, మలేరియా, చికున్‌గున్యా అను పేర్లు అందరికీ తెలిసినవే. ఈ మూడింటికీ పరీక్షలు జరిపి, ఏదీ కాదని తేలిన జ్వరానికి ‘వైరల్’ అని పేరుపెట్టి రోగిని ఇంటికి పంపుట పరిపాటి. ఆ రోగి రైలుపట్టాల వెంట పొదలు నరికే ట్రాక్ మెయింటెయినర్ అయినచో, ఊరూరా ఉత్తరాలు మోసే డాక్ సేవక్ అయినచో, వైద్యుడు ఇంకొక జ్వరాన్ని గురించి కూడ ఆలోచించవలసియున్నది. దాని పేరు స్క్రబ్ టైఫస్.

ఓరియెన్షియా సుత్సుగముషి అను సూక్ష్మజీవి దీనికి కారణం. గడ్డిలోను, పొదలలోను ఎలుకలను ఆశ్రయించి బ్రతికే ఒక జాతి నల్లి పిల్లపురుగు మనిషిని కుట్టినపుడు ఈ క్రిమి శరీరంలో ప్రవేశిస్తుంది. ఆ పురుగు కంటికి ఆనదు, కుట్టిన సంగతి తెలియదు. ఆరు మొదలు ఇరవై రోజుల తరువాత తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు పట్టుకొంటవి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అస్సాం, బర్మా సరిహద్దులలో పోరాడిన సైన్యాలను ఈ వ్యాధి ఎంతగానో కుంగదీసినది. యుద్ధానంతరం దీనిని కొండప్రాంతాల జబ్బుగా భావించి మరచినవారే ఎక్కువ. అయితే ఢిల్లీలో ఈ తరగతి జ్వరాల ఉనికికి రక్తపరీక్షలలో లభించిన ఆధారాలు 2012లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో ప్రకటితమైనవి. 2025 చివరి నెలలలో ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాలలో ఈ జ్వరం వ్యాపించినపుడు మన పాఠకులలో అనేకులు స్వగ్రామాల నుండి ఆ వార్త విన్నవారే.

గోమారి కూడ ఈ నల్లికి దాయాదియే. కుక్కలను పట్టే గోమారి వలన ఇండియన్ టిక్ టైఫస్ అను జ్వరం వస్తుంది. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతుల మరణాలతో బయటపడిన ‘కోతిజ్వరం’ గోమారి మోసుకువచ్చినదే. కట్టెలకు, పశువుల మేతకు అడవిలోకి పోక తప్పని పేదలే దానికి ఎక్కువగా గురియైనారు. 2011 జనవరిలో అహమ్మదాబాద్ సమీపాన కనిపించిన క్రిమియన్-కాంగో రక్తస్రావజ్వరం, రోగికి సేవచేసిన వైద్యుని, నర్సును సైతం బలిగొన్నది. ఇక పాశ్చాత్య పత్రికలలో తరచు వినవచ్చే లైమ్ వ్యాధి మన ఈశాన్య రాష్ట్రాలనుండి, కర్ణాటక అడవులనుండి నివేదితమైనదే గాని, ఢిల్లీలో అరుదు. కుట్టినచోట ఎర్రని వలయం నానాటికి విస్తరించుట దాని ముఖ్యలక్షణం. ఢిల్లీలో జ్వరం తగిలిన ప్రతివారు లైమ్ అని బెంగపెట్టుకొన నవసరం లేదు.

మన కార్మికులు పనిచేసే చోటులను చూడుడు. రింగ్ రైల్వే మార్గం సర్దార్ పటేల్ మార్గ్, బ్రార్ స్క్వేర్ ప్రాంతాలలో రిడ్జ్ అడవిని ఒరుసుకొని పోతుంది. ఆ రిడ్జ్ నిండ మనవైపు సర్కారు తుమ్మ అని పిలిచే ముళ్లచెట్లే. కీమన్ తెల్లవారకముందే మంచుతో తడిసిన గడ్డిలో మైళ్లకొలది నడుస్తాడు. గ్యాంగు పొదలు నరికి, ఆ పొదల నీడలోనే కూర్చుండి భోజనం చేస్తుంది, తడిసిన చొక్కాను ఆ పొదలపైననే ఆరవేస్తుంది. ధాన్యం దిగే గూడ్స్ యార్డులలో ఎలుకలకు కొదువలేదు. తపాలా సోదరులలో యమునాతీరపు పొలాలలో, నూహ్, ఫరీదాబాద్ గ్రామాలలో తిరిగేవారికి ఇదే ప్రమాదం. నగర పోస్టుమన్‌కు వీధికుక్క కరచునను భయమే గాని, దాని మెడలోని గోమారి సంగతి తోచదు.

ఈ వ్యాధిని పట్టుకొనుట కష్టం కాదు, కాని రోగిని బట్టలు తొలగించి పరీక్షించే ఓపిక కావలెను. పురుగు కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కట్టిన మచ్చ అనేకులలో కనిపిస్తుంది. అది నొప్పి పెట్టదు. చంకలో, గజ్జలలో, మొలత్రాడు క్రింద దాగియుంటుంది గనుక రోగియే దానిని ఎరుగడు. మచ్చ లేనంతమాత్రాన వ్యాధి లేదనరాదు. డెంగ్యూలోవలెనే దీనిలోను ప్లేట్‌లెట్లు తగ్గవచ్చును, పొరపాటుకు అదే మూలం. ఐజీఎం ఎలైజా అను రక్తపరీక్ష ఉన్నది, కాని ఫలితం వచ్చువరకు మందు ఆపరాదని 2015లో భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన మార్గదర్శక సూత్రాల సారాంశం. డాక్సీసైక్లిన్ అను చవుకమందు వేళకు పడినచో సాధారణంగా రెండుమూడు రోజులలోనే జ్వరం దిగుతుంది. గర్భిణీలకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పెన్సిలిన్ జాతి మందులు ఈ క్రిమిపై పనిచేయవు. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. అంతటి విషమస్థితిలో ఈ రెండు మందులను కలిపి నరంద్వారా ఇచ్చుట మేలని మన దేశంలోని 7 ఆసుపత్రులలో జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధన నిరూపించినది. అయిదు రోజులైనను జ్వరం తగ్గని కార్మికుడు వైద్యుని ఎదుట మొట్టమొదట చెప్పవలసినది తాను చేసే పని ఏమిటో.

జాగ్రత్తలు తెలిసినవే: నిండుచేతుల చొక్కా, మేజోళ్లలోనికి దోపిన ప్యాంటు, పురుగులను దూరముంచే లేపనం, ఇల్లు చేరగానే స్నానం, విడిచిన బట్టలను వేడినీట ఉతుకుట. గోమారి పట్టియున్నచో బీడీతో కాల్చుట, కిరోసిన్ పోయుట తగదు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగివేయవలెను. అయితే లేపనం, బూట్లు, మేజోళ్లు కార్మికుడు తన జీతంలోనుండి కొనుక్కొనవలసినవి కావు. ట్రాక్ మెయింటెయినర్లకు రిస్క్ అండ్ హార్డ్‌షిప్ అలవెన్సు ఉన్నదని చెప్పేవారున్నారు. అలవెన్సు పురుగును ఆపదు.

అసలు చిక్కు కాగితంపై ఉన్నది. ఏడవ వేతనసంఘం అనంతరం వచ్చిన వర్క్ రిలేటెడ్ ఇల్‌నెస్ అండ్ ఇంజురీ లీవు ప్రకారం, విధినిర్వహణ కారణంగా జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్న కాలానికి పూర్తిజీతం, అలవెన్సులు లభిస్తవి. కేసుషీటులో ‘జ్వరం’ అని మాత్రమే ఉన్నచో ఆ హక్కు ఎట్లు రుజువగును? ఆ రోజులు కార్మికుని సొంత సెలవు ఖాతాలోనే పోవును. గ్రామీణ డాక్ సేవకులకైతే కేంద్రోద్యోగుల సెలవు నియమాలే వర్తించవు, వారి స్థితి మరింత దయనీయం. 1923 నాటి నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో, ప్రత్యేకంగా అంటు సోకే ప్రమాదమున్న పనులలో వచ్చిన అంటువ్యాధులు వృత్తివ్యాధులుగా చేర్చబడియున్నవి. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానే అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడ అట్టి జాబితాను నిలుపుకొన్నది. ఫ్రాన్సు దేశం గోమారి కాట్లకు గురయ్యే పనివారికి వచ్చిన లైమ్‌ను వృత్తివ్యాధిగా పేరుపెట్టి గుర్తించినది. పొదలు నరికేవానికి వచ్చిన పొదల జ్వరాన్ని మన దేశంలోను పేరుపెట్టి చేర్చవలెనని మేము కోరుచున్నాము.

అందుకు లెక్కలు కావలెను, వాటిని మనమే తీయవలెను. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అను చిన్న ఊరిలో 1975లో పాలీ మర్రే మొదలైన తల్లులు, తమ వీధులలో కీళ్లవాపుతో బాధపడే పిల్లల పేర్లు వ్రాసి అధికారుల ఎదుట పెట్టినారు. ఆ జాబితా ఆధారంగానే పరిశోధన మొదలై, 1982 నాటికి విల్లీ బర్గ్‌డార్ఫర్ దాని క్రిమిని వెల్లడించినాడు. కావున ప్రతి శాఖా కార్యదర్శి ఆగస్టు నుండి ఒక జ్వరాల పుస్తకం తెరువవలెను. జ్వరపడిన కార్మికుడు అంతకు మూడు వారాల ముందు ఏ సెక్షనులో, ఏ బీటులో పనిచేసినాడు, నల్లమచ్చ కనిపించినదా, ఏ పరీక్ష ఎన్నవ రోజున జరిగినది, ఏ మందు ఇచ్చినారు, సెలవు ఏ పద్దున వ్రాసినారు అను వివరాలు అందులో ఉండవలెను. రోగి అంగీకారం లేనిదే పేరు బయటపెట్టరాదు. పుస్తకపు నకలు డిసెంబరు మొదటివారానికి కేంద్ర కార్యాలయం చేరవలెను.