ఎవరూ చూడని చోట

తెలుగులో 'భయభక్తులు' అనే చక్కని జంటపదమున్నది. అరబ్బీలోని 'తఖ్వా'ను వివరింపవలసి వచ్చినపుడు మేమూ దానినే ఆశ్రయిస్తుంటాము. అయితే తఖ్వాకు మూలమైన ధాతువునకు 'కాపాడుకొనుట' అని అర్థం. శిక్షకు వెరచి వణకుట మాత్రమే తఖ్వా కాదు. దైవం చూచుచున్నాడనే ఎరుకతో తనను తాను కాపాడుకొనుట తఖ్వా.

తఖ్వా అంటే ఏమని హజ్రత్ ఉమర్ (రజి) ఒకమారు హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)ను అడిగినట్లు ఒక కథనం కలదు. ముళ్లదారిలో ఎన్నడైనా నడిచారా అని ఉబై ఎదురు ప్రశ్న వేశారట. నడిచానని, దుస్తులు పైకి పట్టుకొని ఆచితూచి అడుగు వేశానని ఉమర్ చెప్పగా, అదే తఖ్వా అన్నారట.

ఈ గుణం అలవడుటకే ఉపవాసములు విధింపబడినవని దివ్య ఖుర్ఆన్ రెండవ అధ్యాయం, 183వ వాక్యం తెలుపుతున్నది. రంజాన్ వేసవిలో వచ్చినపుడు మన విద్యార్థిని చూడండి. నాలుక పిడచకట్టుకొని పోతున్నది. మూసిన గదిలో నీటికుండ ప్రక్కనే ఉన్నది. చూచువారు లేరు. అయినా గుక్కెడు నీరు త్రాగడు. ఎంతటి నిగ్రహం! ఆ విద్యార్థియే కొన్ని నెలలకు పరీక్షాశాలలో, పర్యవేక్షకుడు ఎప్పుడు అటు తిరుగునా అని కాచుకొని కూర్చొనుట మేము చూచాము. నీటికుండ వద్ద తనను చూచిన అల్లాహ్ జవాబుపత్రం వద్ద చూడడని అతడు తలచినాడా?

ఈ ప్రశ్న విద్యార్థులకే పరిమితం కాదు. గంట మ్రోగిన పది నిమిషములకు తరగతిలో అడుగిడి, పూర్తి గంటకు సంతకం చేసే మావంటి అధ్యాపకులకూ ఇది వర్తిస్తుంది. పేదవిద్యార్థుల పేరిట వచ్చిన ధనమునకు లెక్క వ్రాయు పెద్దలకూ వర్తిస్తుంది. 717 నుండి 720 వరకు పాలించిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, రాజ్యకార్యం ముగిసి సొంతమాట మొదలుకాగానే ప్రజాధనంతో వెలుగుచున్న దీపమును ఆర్పి, తన సొంత దీపమును వెలిగించుకొనేవారని చెబుతారు. ఆరిన ఆ దీపమే మనకు నేటికీ వెలుగు చూపుతున్నది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. వచ్చే సంవత్సరం ఒక్క అంతర్గత పరీక్షనైనా పర్యవేక్షకుడు లేకుండా జరిపించండి. కొందరు చూచి వ్రాయవచ్చును. ఆ మార్కులు వారివి కావని వారికే తెలుస్తుంది. ఎక్కువమంది వ్రాయరని మా నమ్మకం. కాపలా ఉన్నంతవరకు మన నిజాయితీ కాపలావానిదే, మనది కాదు.

తఖ్వా ఇక్కడ ఉన్నదని మహాప్రవక్త (స) ముమ్మారు తమ వక్షస్థలమును చూపినట్లు హదీసు కలదు. ఆ చోటికి పర్యవేక్షకుని చూపు చేరదు. అక్కడ కాపలా ఎవరికి వారే ఉండవలెను.