నెహ్రూపండితుని వీలునామా

నాయకుడు ఏ దేవుని గొలుచును, ఇంట భార్యాబిడ్డలతో నెట్లు మెలగును, ఆయన తాతముత్తాత లెవ్వరు అను ప్రశ్నలు మన రాజకీయములలో నానాటికి పెద్దపీట వేసికొని కూర్చుండుచున్నవి. ఎన్నికల వేళ గుడిమెట్లెక్కు నాయకునితోబాటు ఛాయాగ్రాహకులు నెక్కుచున్నారు. గిట్టనివారి వంశమునకు లేని చుట్టరికములు కల్పించిన కట్టుకథలు చేతిఫోనులలో ఊరూర తిరుగుచున్నవి. ఒకటి భక్తిపేరిటి ప్రదర్శనము, రెండవది చరిత్రపేరిటి నింద. ఈ రెండును ఒకే వ్యాధికి లక్షణములు. పరిపాలనను విచారింపవలసిన ప్రజలు పూజగదిని విచారించుటయే యా వ్యాధి.

నాయకుని గృహజీవితముతో ప్రజలకు బొత్తిగా పనిలేదని మేమనము. ఎంతవఱకు పనికలదు, ఏ మేరకు లేదు అనునదే తేలవలసిన విషయము. దానిని తేల్చుటకు స్వతంత్రభారతపు మొదటి ప్రధానమంత్రియైన పండిత జవహర్లాలు నెహ్రూ జీవితమును మించిన నిదర్శనము మాకు కనబడదు. ఏలయన, తన నమ్మకమును గూర్చి ఆయన దాచినది లేదు. తన దేహమునకు తుదిని ఏమి చేయవలయునో గూడ వ్రాసిపెట్టెను. ఆ వ్రాత కొంత చెల్లినది, కొంత చెల్లలేదు. చెల్లని యా భాగమే మన విచారణకు మూలము.

1954వ సంవత్సరము జూను 21వ తేదీని నెహ్రూపండితుడు తన వీలునామా వ్రాసెను. తాను మరణించిన పిమ్మట ఏవిధమైన మతకర్మలును జరుపవలదని అందు స్పష్టముగా కోరెను. తనకు వానియందు నమ్మకము లేదనియు, మాటవరుసకైనను వానికి లోబడుట కపటమగుననియు, అది తన్ను తాను వంచించుకొని యితరులనుగూడ వంచించుటయే యగుననియు దాని భావము. దేహమును దహింపవలెను. చితాభస్మములో ఒక పిడికెడు అలహాబాదునొద్ద గంగలో కలుపవలెను. అందు తనకు మతసంబంధమైన ఉద్దేశ మేమియు లేదు. చిన్ననాటినుండి గంగాయమునలతో పెనవేసికొన్న మమకారమే దానికి కారణము. మిగిలిన భస్మమును విమానముపైనుండి కర్షకులు చెమటోడ్చు పొలములపై చల్లవలెను. ఇదియే ఆయన చివరి కోరిక.

1964 మే 27న ఆయన కన్నుమూసెను. మఱునాడు యమునాతీరమున లక్షలాది జనుల సమక్షమున దహనము జరిగెను. పదునేడేండ్ల మనుమడు సంజయుడు చితికి నిప్పంటించెను. మంత్రములు చదువబడెను, కర్మలు జరిగెను. భస్మము గంగలో కలిసెను. పొలములపైనను చల్లబడెను. కోరినవి జరిగినవి, వలదన్నదియు జరిగినది.

ఇది నాస్తికుని మొండిపట్టుదలయా, లేక చిరకాలము ఆలోచించి యేర్పఱచుకొన్న నిశ్చయమా యని తెలియవలెనన్న ఆయన పుట్టిపెరిగిన యింటిలోనికి పోవలయును. అలహాబాదు ఆనందభవనమున ఒక్క విశ్వాసము కాదు, పెక్కు విశ్వాసములు కాపురముండెను. తండ్రి మోతీలాలు సుప్రసిద్ధ న్యాయవాది. సముద్రయానము చేసి వచ్చినందుకు ప్రాయశ్చిత్తము చేసికొమ్మని కులపెద్దలు కోరగా ససేమిరా యనిన ధీరుడు. ఆ యింటి పురుషులకు మతము స్త్రీల వ్యవహారముగా తోచెడిది. తల్లి స్వరూపరాణి పరమభక్తురాలు. కుమారుని వెంటబెట్టుకొని గంగాస్నానమునకు పోయెడిది. ఇంటి మున్షీ ముబారకాలీ గడ్డము నెరసిన పెద్దమనిషి. ఆయన ఒడిలో కూర్చుండి బాలుడు 1857 నాటి కథలు వినెడివాడు. చదువుచెప్ప వచ్చిన బ్రూక్సుదొర దివ్యజ్ఞానసమాజమువాడు. ఆయన ప్రభావమున పదమూడేండ్ల జవహర్లాలు ఆ సమాజమున చేరగా అనిబిసెంటమ్మయే స్వయముగా ఆయనను చేర్చుకొనెను. తండ్రి యది విని నవ్వి యూరకుండెను. ఆ యుత్సాహము కొలదికాలమునకే చల్లారెను.

ఇట్టి యింట పెరిగిన బాలుడు పెద్దవాడై అజ్ఞేయవాది యగుట వింతకాదు. ఆయన దేవుడు లేడని చాటుచు తిరిగినవాడు కాడు. ఉన్నాడని తనకు తోచలేదని మాత్రమే చెప్పెను. మతము పేరిట సాగు మూఢాచారమునకును, స్వార్థమునకును ఆయన వెఱచెను. డెహ్రాడూను చెఱసాలలో ఆయన బల్లమీద సింహళమందలి అనూరాధపురపు బుద్ధవిగ్రహముయొక్క చిత్రముండెడిది. దానిని చూచి మనసు కుదుటపఱచుకొనెడివాడు. కొలువకున్నను ఓదార్పు పొందవచ్చునని యెఱిగిన మనుష్యుడు.

ఆయన విశ్వాసమునకు నిజమైన పరీక్ష గ్రంథములలో జరుగలేదు, కాపురమున జరిగెను. 1916 ఫిబ్రవరిలో వసంతపంచమినాడు ఢిల్లీలో ఆయనకు కమలతో వివాహమయ్యెను. అప్పటి కామెకు పదునేడేండ్లు నిండలేదు. ఇంగ్లండులో చదివివచ్చిన భర్తకును, పాతకాలపు ఇంట పెరిగిన భార్యకును దూర మెక్కువ. 1917లో ఇందిర పుట్టెను. 1924లో ఒక కుమారుడు పుట్టి కొలది దినములకే పోయెను. ఆ పిదప కమలను క్షయరోగము పట్టుకొనెను. 1926లో భర్త చికిత్సకై ఆమెను ఐరోపాకు గొంపోయెను. అంతకుముందును ఆ తరువాతను ఆయనకు కాంగ్రెసు, సభలు, చెఱసాల. ఇల్లు వెనుకబడెను. భార్యకు తన తోడు మిక్కిలి అవసరమైన యేండ్లలోనే ఆమెను దాదాపు మఱచియుంటినని ఆయనయే తరువాత ఒప్పుకొనెను. పరులెవ్వరును మోపకముందే తనపై తాను మోపుకొన్న యీ నేరమును మనము తగ్గించి చెప్పనక్కఱలేదు.

అయినను ఆ యిల్లాలు భర్త నీడలో ఒదిగి యుండలేదు. 1930 ఉప్పుసత్యాగ్రహమున అలహాబాదు వీధులలో స్త్రీలను నడిపెను. 1931 జనవరి 1న తానును చెఱసాలకు పోయెను. 1934 ఆగస్టులో ఆమెకు ప్రాణముమీదికి రాగా, డెహ్రాడూను చెఱనుండి భర్తను పదునొకండు దినములు విడిచి మరల నైనీ చెఱసాలకు పంపిరి. శిక్షాకాలము ముగియువఱకు రాజకీయములకు దూరముగా నుందునని మాటయిచ్చినయెడల విడుదలచేయుదురని అప్పుడు వర్తమానములు పుట్టెను. అక్టోబరులో ఆమెను చూడ గొనిపోబడినప్పుడు, జ్వరముతో మాటలు తడబడుచున్న కమల భర్తను దగ్గఱకు వంగుమని సైగచేసి, సర్కారుకు మాట యీయబోవుచుంటివట, ఈయవలదని చెవిలో చెప్పెను. మరణశయ్యపైనున్న భార్యకొఱకు ఆ మాట యిచ్చినను లోకము తప్పుపట్టి యుండదు. ఆమెయే పట్టనీయలేదు.

ఆ కమల విశ్వాసము భర్త విశ్వాసము కాదు. ఆమె రామకృష్ణమఠాధ్యక్షులైన స్వామి శివానందులవలన మంత్రోపదేశము పొందినది. రోగము ముదిరినకొలది మనస్సు దైవమువైపు మఱలెను. ఇకమీదట తన చిత్తము భగవంతునికే యర్పింతునని ఆమె భర్తతో చెప్పగా, ఆయన మనస్సు గాయపడి 1935 మొదట చెఱసాల దినచర్యలో ఆ బాధను వ్రాసికొనెను. దేవుని నమ్మని భర్తకు దేవుడే యడ్డువచ్చినట్లయ్యెను. అధికారము చలాయించు మగడైన ఏమిచేసెడివాడో మన యిండ్ల సంగతి తెలిసిన పాఠకులు ఊహించుకొనవచ్చును. ఆయన బాధపడెనే గాని అడ్డుపడలేదు. మా దృష్టిలో నెహ్రూపండితుని విశ్వాసమునకు గీటురాయి యిదియే. తన నమ్మకమునకు ఎంత చోటు కోరెనో, ఇతరుల నమ్మకమునకును అంత చోటు విడిచెను.

1935 సెప్టెంబరులో ఆయనను అల్మోరా చెఱసాలనుండి విడుదలచేయగా, జర్మనీలోని బాడెన్‌వైలరునకు విమానముపై పోయి భార్యను చేరెను. 1936 ఫిబ్రవరి 28న ఆమె స్విట్జర్లాండునందలి లోజానులో మరణించెను. మరలివచ్చు దారిలో బాగ్దాదునుండి లండనులోని ప్రకాశకునకు తంతినిచ్చి, అచ్చులోనున్న తన ఆత్మకథను గతించిన కమలకు అంకితమొనర్చెను. ఆమె చితాభస్మమును తెచ్చి గంగలో కలిపెను. నమ్మనివాని చేతిలోనుండి నమ్మినయామె భస్మము గంగకు చేరెను. పదునెనిమిదేండ్ల పిమ్మట వీలునామాలో గంగకు పిడికెడు భస్మము కోరినపుడు, ఆయన మమకారములో నదియొక్కటియే యుండెనని మేమనుకొనము.

కుమార్తె వివాహము రెండవ పరీక్ష. ఇందిర పార్సీయువకుడైన ఫిరోజుగాంధీని వరించెను. నెహ్రూపండితుడు మొదట సంకోచించెను, పిమ్మట సమ్మతించెను. దేశమున నలుమూలలనుండి కోపపుజాబులు వచ్చిపడెను. 1942 ఫిబ్రవరిలో ఆయన ఒక ప్రకటన చేసెను. వివాహము స్వంతవిషయము, గృహవిషయము. ముఖ్యముగా వధూవరులకును, కొంతవఱకు వారి కుటుంబములకును సంబంధించినది అని దాని సారము. గాంధీమహాత్ముడును తన పత్రికలో ఈ సంబంధమును సమర్థించెను. మార్చి 26న ఆనందభవనమున వేదవిధిగా పెండ్లి జరిగెను. తండ్రి చెఱసాలలో వడికిన నూలుతో నేసిన ఖద్దరుచీర వధువు కట్టెను.

ఇచట ఒక యాక్షేపణ వచ్చును. కూతురి పెండ్లిలో అగ్నిసాక్షిగా కూర్చున్నవాడు తన చితికి మంత్రములు వలదనుట పొసగునా యని. పొసగునని మా యభిప్రాయము. పెండ్లి కూతురిది, చావు తనది. పరుల కర్మను గౌరవించుట మర్యాద. తాను నమ్మని కర్మను తనకొఱకు జరిపించుకొనుట కపటము. ఈ రెంటికిని గల భేదము ఎఱిగినవాడు గనుకనే ఆయన వీలునామాలో ఆ మాట వ్రాసెను.

ఇంటి యనుభవము చట్టమునకును చేరినది. 1872 నాటి చట్టముక్రింద హిందువును పార్సీయు పెండ్లాడదలచిన ఇరువురును తమ మతము తమది కాదని చెప్పుకొనవలసియుండెను. మతమును విడువకయే వేఱు మతస్థుని పెండ్లాడు హక్కు 1954 ప్రత్యేకవివాహచట్టమువలన దేశమున ఎల్లరకును కలిగెను. 1955లో హిందూవివాహచట్టము, 1956లో హిందూవారసత్వచట్టము వచ్చెను. ఆ యుద్యమమునకు మొదట పూనుకొన్న డాక్టరు అంబేద్కరు, బిల్లు సాగలేదని 1951లో మంత్రిపదవి వదలుకొనెనని ఇచట మఱువరాదు. నెహ్రూపండితుడు అప్పుడు వెనుదీసి, ఎన్నికల పిమ్మట ముక్కలుముక్కలుగా సాధించెను. పిత్రార్జితమున కుమార్తెకు కొడుకుతో సమభాగము మన ఆంధ్రదేశమున 1985నుండియు, దేశమంతటను 2005నుండియు లభించినది. ఇంటిలో ఆడుబిడ్డకేమి దక్కవలెనను ప్రశ్న ఎంత నెమ్మదిగా కదలునో భూవసతిగల పాఠకులకు చెప్పనక్కఱలేదు.

నాయకుని విశ్వాసము ప్రజలకు సంబంధించు మేర ఇదియే. అది రాజ్యముయొక్క చేయి పట్టుకొన్నప్పుడు మనము ప్రశ్నింపవచ్చును. 1951 మేనెలలో సోమనాథాలయ ప్రతిష్ఠకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు పోవుట నెహ్రూపండితునకు సమ్మతము కాలేదు. ఆయన భక్తిని గూర్చి కాదు, పదవిని గూర్చి ఆ యాక్షేపణ. రాజేంద్రబాబు పోయెను, తన విశ్వాసము దాచనివాడు. ఇరువురును నిజాయితీపరులే. ఇరువురలో ఎవరి వాదము సరియైనదని నేటికిని చర్చింపవచ్చును. ఆ చర్చ రాజ్యధర్మమును గూర్చినది గనుక తగినది. నాయకుడు రాత్రి పరుండబోవుముందు చేతులు జోడించెనా లేదా యనునది తగని చర్చ.

ఇపుడు మరల 1964నకు వత్తము. వలదన్న కర్మలు ఏల జరిగెను? చుట్టునున్నవారి భక్తి, జనసామాన్యము ఏమనుకొందురో యను జంకు, శోకమున ఏదో ఒకటి చేయవలెనను ఆరాటము ఇవన్నియు సహజములే. అంత్యక్రియ చచ్చినవానికంటె బ్రతికియున్నవారికొఱకే యను మాటలో సత్యము లేకపోలేదు. ఆ కుటుంబమును నిందించుట మా యుద్దేశము కాదు. అయినను ఒక్కమాట. తండ్రి వీలునామాలో ఫలాని చెలక ఫలాని కొడుకునకని వ్రాసిన, దానిని తలదాల్చి నడచుకొందుము, తప్పినవానిని కోర్టుకీడ్తుము. ఎకరమునకిచ్చు మర్యాద మనస్సాక్షికేల యీయరాదు? తల్లి గంగాస్నానమును, భార్య మంత్రదీక్షను, కూతురి హోమమును తలవంచి గౌరవించినవాని నమ్మకమునకు చివరి దినమున ఆ గౌరవము పూర్తిగా దక్కలేదు.

నమ్మినవాని నమ్మకము ఎంత పవిత్రమో, నమ్మనివాని నమ్మకమియు నంత పవిత్రము. ఈ సత్యము గ్రహించిననాడు నాయకులు గుడిముందు ఛాయాచిత్రములకు నిలువబడ నవసరముండదు. ప్రత్యర్థుల గోత్రములు వెదకుటకు ఎవ్వరికిని తీరికయుండదు. ఓటు అడుగవచ్చిన నాయకుని మనము అడుగవలసిన ప్రశ్న నీ దేవుడెవ్వడని కాదు. నీ దేవునికి చేతులెత్తనివానికి నీ రాజ్యములో చోటెంత యని. ఆ ప్రశ్నకు నెహ్రూపండితుడు తన యింటనే సమాధానము చెప్పి చూపెను. మన మింకను చెప్పవలసియున్నది.