పేరు మార్చితే సరిపోదు



మా సంఘములోని ఒక సహోదరి భర్త ప్రభువునందు నిద్రించి ఏడాది అయింది. జ్ఞాపకార్థ కూడికకు రెండు రోజుల ముందు ఆమె తన కుమారుని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చి, ఫోను నా చేతిలో పెట్టింది.

"అయ్యగారూ, ఇందులో ఆయన మాట ఉంది. పొలం దగ్గరనుంచి వాట్సాప్‌లో పంపించారు. ఇరవై సెకన్లే. కూడికలో ఒక్కసారి అందరికీ వినిపించాలండీ" అన్నది.

కుమారుడు అప్పటికే ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసి మందిరములోని స్పీకరు పెట్టెకు పెట్టి చూశాడు. పలకలేదు. ఎవరో చెప్పారని ఫైలు పేరు చివరనున్న 'ఓపస్' తీసివేసి 'ఎంపీత్రీ' అని పెట్టాడు. అప్పుడూ పలకలేదు.

ఈ చిక్కు ఇప్పుడు అనేక ఇండ్లలో వస్తున్నది గనుక, ఆ సాయంత్రము మేము నేర్చుకొన్న సంగతులను ఈ నెల వ్రాస్తున్నాను.

మొదటి సంగతి. పేరు మార్చడము వేరు, ఫైలును మార్చడము వేరు. కందుల బస్తామీద బియ్యము అని వ్రాసినంత మాత్రాన లోపలి కందులు బియ్యము కావు గదా! వాట్సాప్ మాటలు ఓపస్ అనే పద్ధతిలో ఉంటాయి. 2012లో ప్రమాణముగా నిర్ణయించిన పద్ధతి ఇది. మన స్పీకరు పెట్టెలలో చాలావాటికి ముఖ్యముగా తెలిసినది 1990లలో వచ్చిన ఎంపీత్రీ. పాత బటన్ల ఫోనులలో రికార్డు చేసిన ఏ.ఎం.ఆర్. ఫైళ్లకు కూడ ఇదే ఇబ్బంది. కాబట్టి మార్పిడి చేసే ప్రోగ్రాము కావాలి. కంప్యూటరులో వీ.ఎల్.సీ., ఆడాసిటీ అనేవి ఉచితముగా దొరుకుతాయి. ఆడాసిటీలో ఓపస్ ఫైలు తెరుచుకోకపోతే ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అనేదానిని తోడుగా వేసుకోవాలి. ఇంటివారి స్వంత మాటలను ముక్కుమొగము తెలియని వెబ్‌సైటులకు పంపి మార్పించుకోవడము మంచిది కాదు.

రెండవ సంగతి. అసలు ఫైలు జోలికి పోకూడదు. ఇక్కడ తొందరపడి నేనే తప్పు చేశాను. తయారైన ఎంపీత్రీలో శబ్దము తక్కువగా ఉన్నదని పెంచి, మరల ఎంపీత్రీ చేశాను. గాలి మోత తగ్గించి మూడవసారి చేశాను. చివరకు ఆ మాట రేకు డబ్బాలోనుండి వచ్చినట్లు అయింది. "ఇది మా నాన్న గొంతులాగ లేదండీ" అన్నాడు ఆ అబ్బాయి. నాకు గుండె జారిపోయింది.

ఓపస్, ఎంపీత్రీ రెండూ చెవికి అంతగా తెలియని భాగములను వదిలివేసి ఫైలును చిన్నది చేస్తాయి. అలా చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. పోయినది ఎంత బిట్‌రేటు పెంచినా తిరిగి రాదు. అసలు ఫైలు ఫోనులో భద్రముగా ఉండబట్టి సరిపోయింది. మరల దానినుండే మొదలుపెట్టి, ముందు వేవ్ ఫైలుగా మార్చాము. సవరింపులన్నీ దానిమీదనే చేసి, చివరన ఒకే ఒక్కసారి ఎంపీత్రీ చేశాము. వేవ్‌లో అలాంటి నష్టము ఉండదు, సైజు మాత్రము పెరుగుతుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్లు, ఒకే ఛానెల్ అయితే 20 సెకన్లకు సుమారు 1.76 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో 320 కేబీ చాలును.

మూడవ సంగతి. చిన్న ఫైలులో చిన్న లోపమే పెద్దది. మందిరములో పెట్టి చూస్తే మొదటి మాట వినబడలేదు. ఆయన భార్యను ముద్దుగా పిలిచే పిలుపు అది! స్పీకరు పెట్టె అందుకొనేలోపు మొదటి అర సెకను పోతున్నది. గంట ప్రసంగములో అది ఎవరికీ తెలియదు. ఇరవై సెకన్లలో అదే ప్రాణము. అందుచేత మాటకు ముందు ఒక సెకను, వెనుక ఒక సెకను నిశ్శబ్దము చేర్చాము. పిలుపు తిరిగి వచ్చింది.

ఇంకా పలకకపోతే పెన్‌డ్రైవును చూడండి. చాలా పెట్టెలకు ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నదే పనికివస్తుంది. అయితే ఫార్మాట్ చేస్తే అందులోనివన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ తీసుకోవాలి. తెలుగులో పెట్టిన ఫైలు పేరును కొన్ని పెట్టెలు చదవలేవు. 01, 02 అని అంకెలు పెట్టడము మేలు.

కూడిక రోజున ఆ మాట మందిరమంతా వినబడింది. అందులో గొప్ప సంగతులేమీ లేవు. మోటారు ఆపానని, వస్తున్నానని, పిల్లవాడికి అన్నము పెట్టమని, అంతే. ఆ సహోదరి కొంగు నోటికి అడ్డము పెట్టుకొని విన్నది. తరువాత నా దగ్గరకు వచ్చి, "ఆయన ఇంట్లోకి వచ్చినట్టే ఉందండీ" అన్నది.

మీ ఫోనులో కూడ అటువంటి మాట ఉన్నదేమో వెదకండి. ఫోను నీళ్లలో పడవచ్చు, పోవచ్చు. ఈ రాత్రే ఆ ఫైలును ఉన్నది ఉన్నట్లుగా మరి రెండుచోట్ల దాచిపెట్టండి. మార్చడము, వినిపించడము తరువాత చూసుకోవచ్చును.