అంతర్జాలంలో బొర్రా

కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే రైలుమార్గంలో, సొరంగాల చీకటిని దాటుకొంటూ అనంతగిరి కొండలెక్కిన ప్రయాణికునికి 'బొర్రా గుహలు' అనే చిన్న స్టేషను ఎదురవుతుంది. ఒకప్పుడు ఆ గుహలను గూర్చి తెలుసుకోదలచినవారు అక్కడికి వెళ్ళివచ్చిన బంధువులనో మిత్రులనో అడిగేవారు. నేడు బండి ఎక్కడానికి ముందే చేతిలోని ఫోనులో 'బొర్రా' అని రెండక్షరాలు వ్రాస్తే చాలు, రెప్పపాటులో లెక్కకు మించిన పుటలు వరుస కడతాయి. ఆ వరుసలో మొదటి నాలుగైదింటిని దాటి చదివే ఓపిక ఎక్కువమందికి ఉండదు. కాబట్టి అక్కడ ముందు నిలిచినది ఏది చెబితే అదే బొర్రా అని లోకం అనుకొంటుంది.

ఈ వరుసలో ముందుకు రావడం, వచ్చిన చోటును నిలబెట్టుకోవడం నేడు ఒక వృత్తిగా మారింది. హోటళ్ళు, ప్రయాణ ఏజెన్సీలు అందుకోసం జీతమిచ్చి మనుషులను నియమించుకొంటున్నాయి. ఇది వ్యాపారుల గొడవ, సాహిత్యం చదివేవారికి దీనితో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. కాని ఏ మాటను నమ్మాలి, ఏది మూలం, ఏది నకలు, ఎవరి సాక్ష్యానికి ఎంత బరువు అనే ప్రశ్నలు ఈ విద్యలో అడుగడుగునా ఎదురవుతాయి. తాళపత్రాల ముందు కూర్చుని తెలుగు పండితులు వేసుకొన్న ప్రశ్నలు కూడా ఇవే.

సెర్చ్ ఇంజన్ చేసే పని మూడు దశల్లో సాగుతుంది. మొదట అది ఒక పుటలోని లంకెను పట్టుకొని మరొక పుటకు, అక్కడినుండి ఇంకొక పుటకు సంచరిస్తూ చదువుతుంది. చదివినదానినంతా, ఏ పదం ఏ పుటలో ఉన్నదో తెలిపే ఒక బ్రహ్మాండమైన పదసూచికగా భద్రపరుస్తుంది. ఎవరైనా అడిగినప్పుడు ఆ సూచికను చూచి, తగిన పుటలను ఏరి వరుసలో నిలుపుతుంది. మొదటి రెండు పనులకు ఓపిక చాలు. మూడవదానికి వివేకం కావాలి. తొలినాటి యంత్రాలు అడిగిన పదం పుటలో ఎన్నిమార్లు వచ్చిందన్న లెక్కపై ఎక్కువగా ఆధారపడేవి. ఒకే మాటను వందసార్లు వ్రాసినవాడు అక్కడ సులువుగా గెలిచేవాడు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను నెలకొల్పినప్పుడు వారి వద్ద వేరొక కొలబద్ద ఉంది. ఒక పుట మరొక పుటకు లంకె ఇస్తే దానిని ఒక సాక్ష్యంగా వారు భావించారు. పైగా ఆ సాక్ష్యమిచ్చిన పుట స్వయంగా ఎంత గౌరవం పొందినదో చూచి, సాక్ష్యానికి అంత విలువ కట్టారు. తెలుగు లక్షణశాస్త్రం చదివినవారికి ఇది వింత కాదు. ఏదైనా ఒక ప్రయోగం సాధువా కాదా అన్న వివాదం వచ్చినప్పుడు మహాకవుల పద్యాలను ఉదాహరించడం లాక్షణికుల పద్ధతి. అప్పకవి వంటివాడు ఉదాహరించిన కవికి దక్కే ప్రామాణ్యం, ఎవరూ ఎరుగని లేఖకుడు మెచ్చుకొన్న కవికి దక్కదు గదా! గూగుల్ ఆ తరువాత వందల కొద్దీ ఇతర లక్షణాలను కూడా లెక్కలోనికి తీసుకొన్నది గాని, ఈ మూలసూత్రం నేటికీ పనిచేస్తూనే ఉంది.

అయితే బొర్రా విషయంలో ఈ కొలబద్ద ఎక్కడ తడబడుతుందో చూడవలసి ఉన్నది. గుహలను గూర్చిన పుటలు వరుసగా చదువుకొంటూ పోతే ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది. 1807వ సంవత్సరంలో, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే ఆంగ్లేయుడు ఈ గుహలను కనుగొన్నాడని దాని సారాంశం. ప్రయాణ ఏజెన్సీలు దానిని వ్రాశాయి, పత్రికలు వ్రాశాయి, విజ్ఞాన సర్వస్వాలు వ్రాశాయి. ఇంతమంది చెప్పినది నిజం కాక ఏమవుతుంది అనిపిస్తుంది. కాని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఏర్పడినదే 1851లో. పుట్టని సంస్థలో ఉద్యోగి ఎలా ఉంటాడు? విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒకడు నిజంగానే ఉన్నాడు. 1887 నుండి 1894 వరకు ఆ సంస్థకు ఆయన అధిపతి. ఆయనే ఈయన అయితే సంవత్సరం తప్పు. కాకపోతే సంస్థ పేరైనా తప్పు. వాక్యం ఉన్నది ఉన్నట్లుగా మాత్రం నిలవదు. నాలుగు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయే ఈ పొరపాటు, వరుసలో ముందున్న పుటల్లో ఇన్నేళ్ళుగా హాయిగా బతుకుతూ వచ్చింది.

సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చుండబెట్టి తెలుగు కావ్యాల ప్రతులను సరిపోల్చిన కాలం నుండి పరిష్కర్తలందరూ పాటించిన నియమం ఒకటి ఉన్నది. ఒకే మాతృకను చూచి వ్రాసుకొన్న పది ప్రతులు పది సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. మాతృకలో లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే పదింటిలోనూ అది జారిపోతుంది. వేరే ఊరిలో, వేరే వంశంలో దొరికిన ఒక్క ప్రతి ఆ పదింటికీ ఎదురునిలిచి సరియైన పాఠాన్ని ఇవ్వవచ్చు. పరిష్కర్త ప్రతులను తూచి చూస్తాడు, తలలు లెక్కపెట్టడు. సెర్చ్ ఇంజన్ కూడా తూచడానికి ప్రయత్నిస్తుంది; ఒకదానిని చూచి మరొకటి అచ్చంగా ఎక్కించుకొన్న పుటలను గుర్తించి పక్కన పెడుతుంది. కాని నాలుగు మాటలు మార్చి అదే సంగతిని తిరిగి వ్రాస్తే, అది నకలో స్వతంత్ర సాక్ష్యమో తేల్చడం యంత్రానికి సులభం కాదు. 2024 నుండి కృత్రిమ మేధ ఈ పుటలను చదివి, సారాంశాన్ని తానే వరుసకు పైన అందించడం మొదలుపెట్టింది. ఎవరు చెప్పారో చూడకుండానే జవాబును స్వీకరించే అలవాటు దీనివల్ల మరింత పెరుగుతుంది.

ఆ వాక్యంలోని 'కనుగొన్నాడు' అనే క్రియను గూర్చి కూడా ఒక మాట చెప్పుకోవాలి. గుహ పైకప్పులోని రంధ్రం గుండా ఒక ఆవు లోపలికి పడిపోయిందని, దానిని వెదకుతూ దిగిన పశులకాపరికి శివలింగం వంటి శిల కనిపించిందని అక్కడి ప్రజలు చెప్పుకొంటారు. గోస్తనీ నది పేరులోనే ఆవు పొదుగు ఉన్నది. తరతరాలుగా ఆ గుహలో పూజలు జరుపుకొంటున్న ప్రజలు ఉండగా, దానిని ఒక దొర కనుగొన్నాడనడం ఎవరి దృష్టిలో నుండి చెప్పిన మాట?

వరుసలో ముందుకు రావడానికి అడ్డదారులు తక్కువేమీ లేవు. తెల్లని పుటపై తెల్లని అక్షరాలతో, చదువరికి కనిపించకుండా యంత్రానికి మాత్రమే కనిపించేటట్లు మాటలు కుక్కడం ఒకటి. డబ్బిచ్చి లంకెలు కొనడం మరొకటి. యంత్రానికి ఒక పుటను, మనిషికి వేరొక పుటను చూపడం ఇంకొకటి. ఈ చివరి తప్పు చేసినందుకే 2006లో గూగుల్, జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ కార్ల సంస్థ వెబ్‌సైటును తన సూచిక నుండి కొంతకాలం తొలగించింది. 2011లో 'పాండా', 2012లో 'పెంగ్విన్' అనే ముద్దుపేర్లతో వచ్చిన మార్పులు పసలేని పుటలను, కొన్న లంకెలను వరుసలో వెనుకకు నెట్టాయి. యంత్రాలతో గుట్టలుగా వ్రాయించిన పుటలపై 2024లో నిబంధనలు మరింత కఠినమయ్యాయి. ఈ ఆట ముగిసేది కాదు; దొంగ ఒక మెట్టు ఎక్కితే తలారి రెండవ మెట్టు ఎక్కుతాడు. తలారి కూడా నిష్పక్షపాతి అనుకోరాదు. డబ్బు తీసుకొని పైన నిలిపే ప్రకటనలు అతని జీవనాధారం. ప్రకటనలపై బతికే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని పేజ్, బ్రిన్ తమ 1998 నాటి వ్యాసంలోనే హెచ్చరించడం గమనార్హం.

నేరుదారి ఇంత చిక్కుది కాదు. పుట శీర్షిక అందులో ఉన్న విషయాన్నే చెప్పాలి. జనం ఏ మాటలతో అడుగుతారో ఆ మాటలు సహజంగా వాక్యాల్లో ఉండాలి; 'బొర్రా' అని కొందరు, 'బొర్ర' అని కొందరు వ్రాస్తారు కనుక రెండు రూపాలూ కనిపించడం మంచిది. ఛాయాచిత్రం కింద అది ఏమిటో వివరణ ఉండాలి. కొండల్లో ఫోనుకు సిగ్నలు అంతంత మాత్రమే కనుక పుట తేలికగా తెరుచుకోవాలి. 2018 నుండి గూగుల్ ఫోనులో పుట తెరుచుకొనే వేగాన్ని కూడా వరుస కట్టడంలో లెక్కిస్తున్నది. తెలుగుకు సంబంధించి ఒక ప్రత్యేకమైన కష్టం ఉండేది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు లిపికి చోటు దక్కినా, చాలాకాలం పత్రికలు ఎవరి ఖతిని వారు వాడుకొన్నాయి. ఆ పుటలు కంటికి తెలుగుగా కనిపించేవి గాని యంత్రానికి అర్థంలేని గుర్తులుగా తోచేవి. కొందరు తెలుగు వ్రాతను బొమ్మగా చేసి అతికించేవారు. అలా వెలువడిన సమాచారం ఉండి కూడా లేనట్లే అయింది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైన తరువాత, యూనికోడ్‌లో వ్రాసే అలవాటు మెల్లగా బలపడింది.

చోటు సంపాదించడం కంటే నిలబెట్టుకోవడం కష్టం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. బొర్రా విశాఖపట్టణం జిల్లాలో ఉన్నదని చెప్పే పుటలు ఆ తరువాత కూడా మిగిలిపోయాయి. ప్రవేశ రుసుము మారుతుంది, రైలు వేళలు మారుతాయి, వానలకు దారులు మూతపడతాయి. ఏడాది క్రితపు వేళను నమ్మి వచ్చి, మూసిన ద్వారం ముందు నిలబడిన కుటుంబం మరొకసారి ఆ పుటను తెరవదు. ఒక పుటను ప్రతి ఋతువుకూ చూచి సరిచేసే ఓపిక దూరనగరంలో కూర్చున్న ఏజెన్సీ ఉద్యోగి కంటే, గుహల్లో దారి చూపే గిరిజన యువకునికే ఎక్కువ సహజం. పుటల నాణ్యతను పరీక్షించేవారికి గూగుల్ ఇచ్చే సూచనల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయతలతో పాటు 2022 డిసెంబరులో స్వానుభవాన్ని కూడా చేర్చడం ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. బొర్రా పేరు మరింత పైకి వస్తే జనం మరింత పెరుగుతారు. వేల ఏళ్ళుగా చుక్క చుక్క నీటితో పెరిగిన సున్నపురాతి స్తంభాలు చేతులు తగిలితే మాసిపోతాయి. చర్మంలోని జిడ్డు అంటుకొన్నచోట కొత్త పొర సరిగా పట్టదు. గుహల్లో దీపాల వెలుగు పడినచోట పచ్చని నాచు పెరుగుతుంది. ప్రచారమే గుహలకు హాని కాదా అని అడిగేవారున్నారు. హాని నిజమే. కాని పుట ఉన్నా లేకపోయినా జనం వస్తూనే ఉన్నారు. ముందు నిలిచిన పుట రంగురంగుల దీపాల ఛాయాచిత్రాలను మాత్రమే చూపితే వారు ఒక రకంగా నడుస్తారు. రాయి ఎలా పెరుగుతుందో, ఎందుకు ముట్టుకోరాదో చెబితే వేరొక రకంగా నడుస్తారు.

బొర్రా పేరుతో ముడిపడిన మరొక విషయం ఉన్నది. ఈ దేశపు గిరిజన చట్టాల చరిత్రలో గుహల కంటే అదే పెద్దది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసర గ్రామాల భూములను గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పు వెలువరిస్తూ, షెడ్యూలు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని చెప్పింది. గిరిజనేతర 'వ్యక్తి'కి భూమి బదలాయింపు చెల్లదని చెప్పే 1959 నాటి భూబదలాయింపు నిబంధనలో, ఆ 'వ్యక్తి' అనే మాటకు ప్రభుత్వం కూడా లోబడుతుందని వ్యాఖ్యానించింది. ఒక్క పదానికి చెప్పిన అర్థం మీద ఊళ్ళకు ఊళ్ళు నిలిచాయి. ఇంతటి వ్యాఖ్యానం తెలుగు నేలమీది ఒక ఊరి కారణంగా పుట్టింది.

'బొర్రా' అని అడిగినవానికి సెర్చ్ ఇంజన్ దీనిని ముందు చూపకపోవడంలో కుట్ర ఏమీ లేదు. ఎక్కువమంది అడిగేది బస, భోజనం, బొంగులో చికెన్, రైలు వేళలు. అది వాటినే అందిస్తుంది. యంత్రం కొలిచేది జనం ఆసక్తిని, విషయం ప్రాధాన్యాన్ని కాదు. కాని ఆసక్తి కలిగినవాడు అడిగినప్పుడు చూపడానికి సూచికలో ఏదో ఒకటి ఉండాలి గదా. ఆ తీర్పు ఆంగ్లంలో, న్యాయవాదుల పరిభాషలో, సుదీర్ఘంగా ఉన్నది. దానిని చదివి, బొర్రా పంచాయతీలోని పెద్దలు ఆనాటి సంగతులు చెబుతుండగా విని, నాలుగు పుటల చక్కని తెలుగులో వ్రాయడం అరకులోయ కళాశాల విద్యార్థికి శక్తికి మించిన పని కాదు. శీర్షికలో ఊరి పేరు, మొదటి వాక్యంలో తేదీ, చివర తీర్పు మూలానికి లంకె, పక్కన సరియైన జిల్లా పేరు ఉంటే, మిగిలిన పని యంత్రం చూచుకొంటుంది.